పాటయే పట్టా

(మా పట్టణ గ్రంథాలయ వార్షికోత్సవ సభలో మేము చేసిన ఉపన్యాస పాఠము.)

 

గ్రంథాలయోత్సవమునాడు గ్రంథమును గూర్చి ప్రసంగించుట మర్యాద. నేడు మేము ఆ మర్యాద తప్పుచున్నాము, మన్నింపుడు. ఈ మందిరపు బీరువాలలో వేలకొలది పుస్తకములున్నవి. వానిలో నొక్కటియు లేకున్నను, తాము ఎవరో, ఏ వంశమువారో, ఏ దైవమును కొలువవలెనో, ఎవరితో వియ్యమందవలెనో, ఎవరితో నందరాదో తరతరములుగ మరువక నిలుపుకొన్న జనమొకటి మన పొరుగున నున్నది. ఆ జనమునకు గ్రంథాలయము మనుష్యుని కంఠము. ఆ కంఠమును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయుదుము.

మొదట మా తప్పిదమొకటి చెప్పుకొని పిదప విషయమునకు వత్తుము. కొన్నేండ్ల క్రిందట ఆదిలాబాదు ప్రాంతపు గోండు పల్లెలలో అడవిహక్కుల దరఖాస్తులు వ్రాసిపెట్టుటకు స్వచ్ఛంద సేవకులుగ పోయియుంటిమి. ఒకనాటి విచారణలో అధికారి యొకరు ఒక వృద్ధుని ప్రశ్నించిరి: "2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వము నీవీ నేలమీద నున్నట్లు ఆధారమేది?" వృద్ధుడు తొణకలేదు. "కాయిదం లేదు సారూ. మా ప్రధాన్ ఉన్నడు. అడుగుండ్రి, చెప్తడు" అనెను. వెనుక గోడకానుకొని కూర్చున్న మరియొక ముసలివాడు లేచి, సంచిలోనుండి మూడు తంతుల వాద్యమొకటి తీసి, కమాను సవరించుకొని పాడ నారంభించెను. అందు ఆ ఇంటి పెద్దల పేర్లు వచ్చినవి. ఎవరు ఏ వాగు దాటి వచ్చిరో, ఎవరి రాయి ఏ చెట్టుక్రింద పాతియున్నదో వచ్చినది. అధికారి నవ్విరి. గుమాస్తా "ఆధారములు సమర్పింపలేదు" అని వ్రాసికొనెను. మేమేమి చేసితిమి? వృద్ధుని పక్షమున పోయిన మేము, ప్రధాను భుజముమీద చేయివేసి, "పెద్దయ్యా, ఇది పాటలకు తావు గాదు, కూర్చుండుము" అంటిమి.

ఆ రాత్రి బసకు వచ్చి నియమావళి మరల తిరుగవేసితిమి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద 2008 జనవరిలో వెలువడిన నియమములలో ఆధారముల పట్టిక యొకటి కలదు. ఇండ్లు, బావులు, శ్మశానములు, పుణ్యస్థలములు అందున్నవి. పూర్వపు రికార్డులలో కనబడు వ్యక్తులతో సంబంధమును తెలుపు వంశక్రమము అందున్నది. హక్కుదారులు గాని పెద్దలు చెప్పి వ్రాయించిన వాఙ్మూలము సైతము అందున్నది. గుమాస్తా తెలియక చేసెననవచ్చును. న్యాయశాస్త్రము చదివి, జేబులో కలమును పెట్టుకొని, ఆధారమును కండ్లయెదుట నుంచుకొని, దానిని వ్రాసికొనక "కూర్చుండు" మన్న మా సంగతి యేమి? ఈ ఉపన్యాసము ఆనాటి బాకీలో కొంత తీర్చుటకు.

మహాశయులారా! ఆ ప్రధాను ఎవరు? అతడు పాడినదేమి?

గోండులు తమ్ము తాము కోయతూరులని చెప్పుకొందురు. గోండు అనునది ఇతరులు పెట్టిన పేరు. మధ్యభారతమున గఢా-మండ్లా, దేవగఢ్, చాందా రాజ్యములను వీరు పాలించిరి. 1564లో అక్బరు సేనల నెదిర్చి రణరంగమున ప్రాణములిచ్చిన రాణి దుర్గావతి గఢా రాజ్యపు గోండురాజు ఇంటి కోడలే. పెన్‌గంగకు ఆవలనున్న చాందా రాజ్యము 1751లో నాగపురపు భోంసలేల చేతిలోనికి పోయెను. ఈవలి ఆదిలాబాదు కొండలలోని గోండులు ఆ రాజ్యపు స్మృతిని నేటికిని రాజగోండులను పేరున మోయుచున్నారు.

వీరి భాష మనకు పరాయిది గాదు. మనము రెండు, మూడు, నాలుగు అనుచోట వారు రండ్, మూండ్, నాలుంగ్ అందురు. మన ఏరు వారికి ఏర్, అనగా నీరు. 1856లో కాల్డ్వెల్ పండితుడు తన ద్రావిడ భాషల వ్యాకరణమున గోండిని చేర్చెను. పిమ్మట భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును గోండిని ఒకే ఉపకుటుంబమున నిలిపిరి. అనగా గోండి మనకు తోబుట్టువు. అయినను మన పాఠశాలలలో ఇంగ్లీషు మాటకు తెలుగు మాటకు గల భేదము చెప్పుదురేగాని, ఈ తోబుట్టువు పేరైనను ఎత్తరు. 2011 జనాభా లెక్కలలో గోండి మాతృభాషగ వ్రాయించుకొన్నవారు సుమారు 30 లక్షలు. గోండులుగ నమోదైనవారు కోటికి మించియున్నారు. కోటిమందికి పైగా గల జాతిలో భాష నిలిచినది ఆ కొలదిమంది నోటనే. తక్కినవారు హిందీ, మరాఠీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు మున్నగు భాషలలోనికి పోయిరి.

భాష పోయినచోట జాతి పోవలెనుగదా? అన్నిచోట్ల పోలేదు. ఎందులకనిన, కోయతూరు తనమును నిలుపునది భాష యొక్కటియే గాదు, ప్రధాను చెప్పు కథ కూడ. ఆదిలాబాదు ప్రధానులలో ననేకుల ఇంటి మాట మరాఠీ. కాని కిక్రి చేతబట్టి దేవతల కథ నెత్తుకొన్నప్పుడు నోట వెడలునది గోండి. ఒక జాతి ధర్మగ్రంథమును మరియొక మాట మాటలాడు ఇంటివారు వంశపారంపర్యముగ ధరించి కాపాడుట లోకమున విశేషము. ప్రధానులతోబాటు తోటివారు కూడ ఈ పని చేయుదురు.

మన తెలుగువారికి ఈ ఏర్పాటు అర్థము కానిది కాదు. రెడ్లకు గోత్రములు చెప్పు పిచ్చుకుంట్లవారు మనలోనే యున్నారు. మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారున్నారు. సమ్మక్క సారలమ్మల వృత్తాంతమును కోయలకు పాడు డోలీలున్నారు. ప్రతి జనమునకును తన కథను తనకు వినిపించు నోరు ఒకటి ప్రత్యేకముగ నుండుట ఈ దేశపు పాత ఏర్పాటు. గోండులలో అది నేటికిని ధర్మశాసనముగ నడచుచున్నది.

ప్రధాను చెప్పు కథకు మూలపురుషుడు పహండి కుపార్ లింగాలు. కోయతూరుల దేవతలను శ్రీశంభుడు గుహలో బంధించెనట. లింగాలు వారిని విడిపించెనట. విడిపించి ఊరకుండక వారిని నాలుగు శాఖలుగ నేర్పరచెను: నలుగురివారు, ఐదుగురివారు, ఆరుగురివారు, ఏడుగురివారు. వీనినే నాల్వేన్, సివేన్, సార్వేన్, ఏర్వేన్ సగాలందురు. ఒక సగాలో పుట్టినవారందరు అన్నదమ్ములు, అక్కసెల్లెండ్రు. వారిలో వారికి వివాహము లేదు. ఇంటిపేరు వేరైనను, ఊరు వేరైనను, ఇద్దరిదియు ఒకే సగా యైనచో మాట అంతటితో ముగిసినది. ఎదుటివాడు పరిచయములేని గోండు అయినను, ఇంటిపేరును సగాను అడిగినచో తనకు తమ్ముడగునో బావమరది యగునో తేలిపోవును. నూరామడల దూరమున నున్నవానితో బంధుత్వమును క్షణములో తేల్చు ఈ శాస్త్రము ఏ పుస్తకమునను లేదు. ఆ కథలో నున్నది.

ప్రతి వంశమునకును పెర్సాపెన్ అను పెద్దదేవుడు కలడు. ఇనుప ఈటెమొన, చామరము ఆ దైవమునకు చిహ్నములు. కటోడా అను వంశపూజారి పూజ నడుపును. ప్రధాను కిక్రి వాయించుచు ఆ దేవుడు ఎక్కడెక్కడ తిరిగి ఎట్లు వచ్చెనో చెప్పును. ఆ వేడుకలోనే క్రొత్తకోడండ్రను దేవునికి చూపుదురు. ఆ వేడుకలోనే గతించిన పెద్దలను దేవుని సన్నిధిని చేర్చుదురు. అనగా జననమరణ వివాహముల రిజిష్టరు అక్కడ పాటలో జరుగుచున్నది.

కెస్లాపూరు నాగోబా జాతరను మీలో కొందరు చూచియుందురు. పుష్యమాసపు అమావాస్యనాడు మెస్రం వంశమువారు జరుపు పూజ అది. పూజకు ముందు ఆ వంశపు పెద్దలు కాలినడకను జన్నారము ప్రాంతపు గోదావరి మడుగునకు పోయి గంగాజలమును తెత్తురు. ఆ నడకకు దారి ఉన్నది, మజిలీలున్నవి, ప్రతి మజిలీకి మర్యాద ఉన్నది. పూజకు క్రొత్త కుండలు సిరికొండ కుమ్మరులు చేయవలెను. క్రొత్తగా వచ్చిన కోడండ్రు తెల్లచీరలు కట్టి వంశమునకు పరిచయమగుదురు. దానిని భేటింగ్ అందురు. ఇంతటి నడవడి కాగితమున వ్రాసికొన్నది గాదు. నడచిన కాళ్లకు, విన్న చెవులకు తెలిసినది. కెరమెరి మండలమున మహారాష్ట్ర సరిహద్దున గుహలోనున్న జంగుబాయి పూజయు అట్టిదే. మనము ఆ కొండమీద రెండు రాష్ట్రముల సరిహద్దు గీతను చూతుము. వారు తమ తల్లి యిల్లు చూతురు.

దీపావళికి ముందు దండారి దళములు ఊరూర తిరుగును. నెమలియీకల కిరీటములు ధరించిన గుస్సాడీలు ఆడుదురు. ఒక ఊరివారు మరియొక ఊరికి అతిథులై పోయి రాత్రి విడిదిచేసి తెల్లవారి కదలుదురు. ఆ రాకపోకలలోనే సంబంధములు కుదురును, తగవులు తీరును. దీనిని నృత్యమని మాత్రమే పిలుచుట, మన పెండ్లిని మేళమని పిలిచినట్లుండును.

ఇక ఆక్షేపణలు. విద్యావంతులు మాతో ననేక పర్యాయములు వాదించిన రెండు ఆక్షేపణలు కలవు.

మొదటిది: "ఇవి కట్టుకథలు. ఒకచోట చెప్పినట్లు మరియొకచోట చెప్పరు. వీనిని నమ్ముట యెట్లు?" నిజమే. 1863లో గతించిన హిస్లాపు అను మతాచార్యుడు నాగపుర ప్రాంతమున ఒక ప్రధాను నోటినుండి లింగాలు పాటను వ్రాసికొనెను. టెంపులు దొర దానిని 1866లో అచ్చువేయించెను. ఆ పాటయు, 1940 తరువాత ఆదిలాబాదు కొండలలో వ్రాసికొన్న పాటయు అక్షరాల నొక్కటి గావు. అయినను గుహ అక్కడను ఉన్నది, ఇక్కడను ఉన్నది. లింగాలు అక్కడను విమోచకుడే, ఇక్కడను విమోచకుడే. వకాలతు చేయువారికి తెలిసిన సంగతి యొకటి మనవి చేసెదము. ఇద్దరు సాక్షులు అక్షరము తప్పక ఒకే మాట వల్లించిన, వారిని ఎవరో నేర్పి పంపిరని న్యాయాధిపతి శంకించును. చిల్లర విషయములలో భేదించి ముఖ్యాంశమున కలిసిన సాక్ష్యమునే నమ్మును. నూరు క్రోసుల దూరమున నున్న ఇరువురు ప్రధానులు, ఒకరి ముఖమొకరు చూడనివారు, ముఖ్యాంశమున కలియుచున్నారు. ఇంతకంటె మంచి సాక్ష్యమేది? పైగా లింగాలు ఏ సంవత్సరమున గుహ తెరచెనో తేల్చుమని మేము వాదించుట లేదు. ఈ కథను నమ్మి ఒక జనము ఏ ధర్మమున బ్రతుకుచున్నదో తేలినచో చాలును.

రెండవది: "పాటకు చట్టములో విలువ యేమి?" ఈ ప్రశ్న అడుగువారు తమ చట్టమును చదువలేదు. 1868లో రామనాథపురపు వ్యాజ్యమున, స్పష్టముగ రుజువైన ఆచారము వ్రాతశాస్త్రమును మించునని ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. మన రాజ్యాంగపు 13వ అధికరణము చట్టమను మాటలో ఆచారమును గూడ చేర్చినది. 1955 నాటి హిందూ వివాహ చట్టము, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, కేంద్ర ప్రభుత్వము వేరుగ ప్రకటించిననేగాని షెడ్యూల్డు తెగలకు వర్తింపవు. అనగా గోండు ఇంట పెండ్లి చెల్లునో లేదో, గోండు భూమి ఎవరికి చెందునో చెప్పునది ఆచారము. ఆ ఆచారమెక్కడ వ్రాసియున్నది? ఎక్కడను లేదు. పెద్దల నోటను, ప్రధాను పాటలోను ఉన్నది. గతించిన పెద్దలు వివాదము పుట్టకముందు ఆచారమును గూర్చి చెప్పిన మాటను 1872 నాటి సాక్ష్య చట్టము అంగీకరించెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము సైతము అంగీకరించినది. 1996 నాటి పెసా చట్టము తమ సంప్రదాయములను, తమ సాంస్కృతిక విశిష్టతను కాపాడుకొను సామర్థ్యము గ్రామసభకు కలదని చెప్పినది. చట్టము తలుపు తెరచియే యున్నది. లోపలికి ఆ పాటను తీసికొనిపోవువాడే కనబడడు.

తీసికొనిపోకున్న ఏమగునో చూడుడు. 2025 జూలైలో సుప్రీమ్ కోర్టు ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబపు ఆస్తి వివాదమున తీర్పు చెప్పెను. ఆడుబిడ్డ సంతతికి భాగము కలదా లేదా యనునది ప్రశ్న. కలదను ఆచారమునుగాని లేదను ఆచారమునుగాని ఏ పక్షమును రుజువు చేయలేకపోయెను. న్యాయస్థానము సమానత్వ సూత్రమును బట్టి ఆమె సంతతికి భాగము నిచ్చెను. ఆ ఫలితమునకు మేము హర్షించువారలమే. ఆచారమని పేరుపెట్టి స్త్రీకి అన్యాయము చేయరాదు, ఆచారము కాలముతో కదలవలసినదే. కాని అందొక పాఠమున్నది. దేశపు అత్యున్నత న్యాయస్థానము ముందట ఒక జాతి ధర్మము ఏమని ప్రశ్న వచ్చినప్పుడు, ఆ ధర్మమును చెప్పు సాక్షి అక్కడ లేకపోయెను. ఆనాడు న్యాయము దక్కినది. ప్రతినాడును సాక్షి లేకయే న్యాయము దక్కునని ఎవరు పూచీ పడగలరు?

మహాశయులారా! ఇంతవరకు పాట విలువను చెప్పితిమి. ఆ పాట ఏల సన్నగిల్లుచున్నదో ఇప్పుడు చెప్పవలెను. సినిమాలు వచ్చినవి, ఫోనులు వచ్చినవి, యువకులు వినుటలేదు అని చెప్పుట సులభము. అది కొంత నిజము. కాని మూలకారణము అది గాదు. ప్రధానునకు జీతములేదు. అతనికి గోండు యజమానుల ఇండ్లున్నవి. పెండ్లికి, చావునకు, దేవుని పూజకు పోయి పాడినప్పుడు వారిచ్చు ధాన్యము, పశువు, వస్త్రము అతని జీవనము. యజమానికి భూమి ఉన్నంతకాలము ప్రధానునకు పాట ఉన్నది. యజమాని కూలివాడైన దినమున ప్రధాను బిచ్చగాడగును. బిచ్చగాని కొడుకు కిక్రి నేర్చుకొనడు.

భూమి ఎట్లు పోయినది? నిజాము పాలనలో అడవికి హద్దురాళ్లు నాటిరి. హద్దులోపల పడిన పల్లెలు అక్రమములైనవి. పట్టాలేక సివాయిజమాబందీగ సాగుచేసికొను గోండులకు, పట్టా యన నేమో తెలియులోపలనే, కచేరి భాష తెలిసిన పైవారు పట్టాలు పొందిరి. ఆ పైవారిలో మన తెలుగువారున్నారు, మరాఠీవారున్నారు. వారి దస్తావేజులు వ్రాసి రుసుము పుచ్చుకొన్నవారు మా వృత్తివారే. ఈ మాట చెప్పక, ప్రధాను పాట క్షీణించుచున్నదని కంటనీరు పెట్టుకొనుట కపటము.

కొమరం భీము ఆ నేలకొరకే తిరుగబడి 1940లో జోడెఘాట్ కొండలమీద పోలీసు తుపాకులకు బలియయ్యెను. పిమ్మట నిజాము ప్రభుత్వము ఈ జనుల బాధలు తెలిసికొనుటకు హైమండార్ఫ్ అను ఆస్ట్రియా పండితుని నియమించెను. ఆయన మార్లవాయి పల్లెలో గుడిసె వేసికొని నివసించి, ప్రధానుల కథలను వ్రాసికొని, 1948లో ఆదిలాబాదు రాజగోండులపై గ్రంథమును ప్రకటించెను. పాట వినుటతో ఆయన పని ముగియలేదు. పాట విన్నవానికి పాడువాని ఆకలియు వినబడెను. గోండులకు పట్టాలిప్పించు ప్రయత్నములో నిలిచెను. 1943లో గోండి భాషలో బోధించు పాఠశాలల పథకము మార్లవాయి కేంద్రముగ నారంభమయ్యెను. ఆయన భార్య బెట్టీ యెలిజబెత్ 1987లో గతింపగా ఆ పల్లెలోనే సమాధి చేసిరి. పరదేశమునుండి వచ్చిన దంపతులు ఒక గోండు పల్లెకు తమ అస్థికల నిచ్చిరి. మనము పొరుగున నుండి ఏమిచ్చితిమి?

తరువాతి కథ మీకు తెలియును. భూమి బదిలీ నిషేధపు నిబంధన 1959లో వచ్చెను. అది 1963లో తెలంగాణమునకు వ్యాపించెను. 1970లో దానిని బిగించిరి. చట్టము బిగిసినను భూమి జారుచునే యుండెను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూములకొరకు కూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. నేడచ్చట స్తూపమున్నది. స్తూపములు కట్టుటలో మన మెన్నడును వెనుకబడలేదు.

భూమికి బదులు ఇప్పుడు వేదిక నిచ్చుచున్నాము. ఏ మంత్రి వచ్చినను గుస్సాడీల దళమును పిలిచి పది నిమిషములు ఆడింతురు. మార్లవాయి కళాకారుడు కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ ఇచ్చిరి. అది తగిన సత్కారము, ఆలస్యముగనైనను వచ్చినది. 2024లో ఆయన గతించిరి. అట్టివారు వేదిక నెక్కుట తప్పని మేమనము. వేదిక లేనిచో పట్టణమునకు వారి ఉనికియే తెలియకపోవును. కాని రాత్రియంతయు సాగవలసిన కథ పది నిమిషముల కొలతకు తగ్గినప్పుడు మొదట రాలునది ఏది? దరువు రాలదు, ఈకలు రాలవు. పేర్లు రాలును, సగాలు రాలును, దేవుడు నడచిన త్రోవ రాలును. చూపరికి అక్కరలేనివి అవియే. కోయతూరునకు అక్కరయైనవి కూడ అవియే.

అట్లని పాట అన్యరూపమున బ్రతుకలేదని మేము చెప్పుట లేదు. నర్మదా తీరపు ప్రధానులను గూర్చి శామరావు హివాళే 1946లో ఒక గ్రంథము వ్రాసిరి. ఆ ప్రాంతపు పాటన్‌గఢ్ పల్లెనుండి జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అను ప్రధాను యువకుడు 1980 తరువాత భోపాలునకు వచ్చి, తాతలు పాడిన దేవతలను రంగులలో చిత్రించెను. ఆయన 2001లో జపానులో అకాలమరణము పొందెను. కాని ఆయన త్రోవను అనేకులు నడచుచున్నారు. పాడు వంశము చిత్రించు వంశమైనది. మన గుంజాల సంగతి మరియు విచిత్రము. నార్నూరు మండలములోని ఆ పల్లెలో గోండి లిపిలోని పాత వ్రాతప్రతులు భద్రముగ నుండెను. ఆ లిపి చదువగలవారు కొలదిమంది వృద్ధులే మిగిలిన వేళ, 2006 ప్రాంతమున ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు మున్నగువారి దృష్టికి వచ్చినవి. 2018లో ఆ లిపి యూనికోడులో చేరినది. గోండికి లిపి లేదని ఎంతకాలము పుస్తకములలో వ్రాసికొంటిమో! లేనిది లిపి గాదు, మనకు చూపు.

ఇక కర్తవ్యమేమి? మేము పెద్ద పథకములు చెప్పబోము. ఈ సభలోనివారు చేయదగినవి మాత్రమే చెప్పుదుము.

ఈ గ్రంథాలయమువారు ఏడాదికొక రాత్రి ప్రధానునో తోటినో పిలిచి, పది నిమిషములు గాక తెల్లవారుదాక పాడింపవలెను. దానిని వారి అనుమతితో ధ్వనియంత్రమున నిలుపవలెను. పాడినవారి పేరు, ఊరు, ఏ వంశమునకు పాడునో తప్పక వ్రాయవలెను. ప్రతి యొకటి వారి ఊరికి చేర్చవలెను. పాట తీసికొని తిరిగి యీయకుండుట కూడ భూమి తీసికొనుట వంటిదే. పాడినవానికి శాలువగాక మూల్యము చెల్లింపవలెను.

భాషాభిమానులు గిడుగు రామమూర్తిగారిని తలచుకొనవలెను. ఆయన పర్లాకిమిడిలో సవరల మాట నేర్చుకొని 1931లో ఆ భాషకు వ్యాకరణమును వెలువరించిరి. సవర మనకు బంధువైన భాషయు గాదు. బంధువగు గోండిని నేర్చుకొన్న తెలుగు ఉపాధ్యాయులు ఎందరున్నారు? ప్రాథమిక విద్య మాతృభాషలో కావలెనని రాజ్యాంగపు 350-ఏ అధికరణము చెప్పుచున్నది. సంతాలీ భాష 2003 నాటి సవరణచే ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. గోండి చేరలేదు. చేరవలెనని అడుగుట మన తోబుట్టువుకొరకు అడుగుట.

మా వృత్తిసోదరులకు ఒక్కమాట. మీ యొద్దకు కాయిదము లేని వృద్ధుడు వచ్చినప్పుడు, లేదని చెప్పి పంపకుడు. కలము తీయుడు. అతడు చెప్పినది, అతని ప్రధాను చెప్పినది వ్రాసికొనుడు. నియమములు ఒకటికి మించిన ఆధారములను పరిశీలింపుమని చెప్పినవి గావున, పాటలో వచ్చిన బావి యెక్కడ, రాయి యెక్కడ, చెట్టెక్కడ యని పోయి చూడుడు. పాట త్రోవ చూపును, నేల సాక్ష్యమిచ్చును.

దేశమనగా గీతలు గీసిన పటము గాదు. దేశమును ప్రేమించుట యనగా ఒకే కథను అందరిచేత చెప్పించుట గాదు. ఎవరి కథ వారు నిర్భయముగ చెప్పుకొనుటకు, చెప్పినప్పుడు తక్కినవారు కూర్చుండి వినుటకు చోటిచ్చినదే మనము కోరిన స్వరాజ్యము. తన భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కు ప్రతి జనమునకు కలదని 29వ అధికరణము వ్రాసిన పెద్దలు ఇదియే తలచిరని మా నమ్మకము.

మొదట చెప్పిన వృద్ధుని సంగతి ముగించి సెలవు తీసికొందుము. ఆ దరఖాస్తును మరల పెట్టించుటకు మేము ఏడాది తరువాత ఆ పల్లెకు పోతిమి. ఈసారి కలము, కాగితములు, ధ్వనియంత్రము కూడ వెంట నుండెను. ప్రధాను లేడు. ఆ వర్షాకాలములోనే గతించెనట. కుమారుడు పట్టణమున ఆటో నడుపుకొనుచున్నాడు. కబురంపగా పాపము వచ్చెను. వాద్యము ఇంటి దూలమునకు వ్రేలాడుచుండెను. అతనికి మూడు తరముల పేర్లు మాత్రమే తెలియును. తక్కినవి అడుగగా తలవంచుకొని, "బాపు చెప్తుంటే నేను పండుకున్న సారూ" అనెను. అతనిని దూషించుటకు మాకు నోరెక్కడిది? తండ్రి పాడుచుండగా అతడు నిద్రించెను. మేము మేలుకొనియుండి, కూర్చుండుమంటిమి.

ఆ మూడు పేర్లే వ్రాసికొంటిమి. వృద్ధుని పొరుగుపల్లె పెద్దల వాఙ్మూలములు తీసికొంటిమి. పాటలో విన్న వాగును, రాయిని గుర్తుచేసికొని వెదకితిమి. రాయి దొరకినది. గ్రామసభ తీర్మానము చేసి పంపినది. దరఖాస్తు నేటికిని విచారణలోనే యున్నది. ఫలితమేమైనను, ఆ రాయి యున్నచోటును మాకు చూపినది మేము వలదన్న పాటయే.

ఈ పట్టణము చుట్టును అట్టి కంఠములు ఇంకను కొన్ని మిగిలియున్నవి. అవి ఎంతకాలముండునో ఎవరు చెప్పగలరు? ఈ పుష్యమాసపు జాతరకు పోవువారు మిఠాయి దుకాణముల యొద్ద తిరిగి రాక, కిక్రి మ్రోగుచోట ఒక రాత్రి కూర్చుండుడు. అర్థము కాకున్నను కూర్చుండుడు. పాడువానికి వినువాడున్నాడని తెలియవలెను. అతని కొడుకునకును తెలియవలెను.